వారం భత్యంతో కొత్త కారు: బ్రిటన్ మోటబిలిటీ లెక్క ఏమిటి?

2025 నవంబరు 26న బ్రిటన్ ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ ప్రవేశపెట్టిన బడ్జెట్‌లో దివ్యాంగుల కార్లకు సంబంధించిన ఒక చిన్న భాగం ఉంది. పేజీల్లో చిన్నదే కానీ, అది లక్షల ఇళ్లలో టెన్షన్ పెంచింది. దివ్యాంగులు తమ ప్రభుత్వ భత్యంతో కారు లీజుకు తీసుకునే మోటబిలిటీ పథకం కింద అప్పటిదాకా ఉన్న కొన్ని పన్ను మినహాయింపులు 2026 జూలై నుంచి పోతాయని అందులో తేల్చారు. అదే వారంలో బీఎండబ్ల్యూ, మెర్సిడెస్, ఆడీ, లెక్సస్, ఆల్ఫా రోమియో కార్లను పథకం జాబితా నుంచి తీసేశారు. జనం కట్టే పన్నులతో ఖరీదైన కార్లేమిటని అంతకు ముందు నెలల తరబడి పత్రికల్లో, సోషల్ మీడియాలో గొడవ నడిచింది. ఈ నిర్ణయం ఆ గొడవకు జవాబు.

ఆ గొడవ చూసినవారికి బ్రిటన్‌లో దివ్యాంగులకు ప్రభుత్వం కార్లు పంచిపెడుతోందేమో అనిపిస్తుంది. కానీ ఆ కార్లు ఎవరికీ ఊరికే రావు. నడవడం బాగా కష్టమైనవారికి, ఒంటరిగా బయటికి వెళ్లలేనివారికి బ్రిటన్ ప్రభుత్వం ప్రయాణ అవసరాల కోసం వారం వారం భత్యం ఇస్తుంది. పెద్దవాళ్లకు అది ఎక్కువగా పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్, అంటే పిప్ రూపంలో వస్తుంది. అందులో ప్రయాణ భాగానికి ఎక్కువ రేటు 2025-26లో వారానికి 77.05 పౌండ్లు. మన డబ్బులో సుమారు 9 వేల రూపాయలు. ఈ డబ్బు దేనికి ఖర్చు పెట్టాలన్నది తీసుకునేవారి ఇష్టం. ట్యాక్సీలకు వాడుకోవచ్చు, బ్యాంకులో దాచుకోవచ్చు. కారు కావాలనుకుంటే ఆ భత్యాన్ని మోటబిలిటీకి మళ్లించమని రాసిస్తారు. లీజు నడిచిన మూడేళ్లూ ఆ డబ్బు వారి చేతికి రాదు. మూడేళ్లకు అది 12 వేల పౌండ్ల పైమాటే, అంటే సుమారు 14 లక్షల రూపాయలు. అర్హత ఉన్న అందరూ ఇందుకు ఒప్పుకోరు కూడా. 2018 నాటి ప్రభుత్వ ఆడిట్ లెక్క ప్రకారం సుమారు 17 లక్షల మంది అర్హుల్లో కారు తీసుకున్నవారు మూడో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. ఇప్పుడు పథకంలో 8 లక్షలకు పైగా కుటుంబాలు ఉన్నాయి.

ఆ డబ్బుకు వచ్చేదేమిటో చూస్తే ఈ పథకం మీద అంత మోజు ఎందుకో తెలుస్తుంది. కొత్త కారు మూడేళ్ల లీజుకు వస్తుంది. వీల్‌చైర్‌తో సహా ఎక్కే పెద్ద వాహనమైతే లీజు ఐదేళ్లు. ఇన్సూరెన్స్, సర్వీసింగ్, మరమ్మతులు, టైర్లు, దారిలో ఆగిపోతే వచ్చి చూసే సేవ అన్నీ అందులోనే ఉంటాయి. ఎలక్ట్రిక్ కారు ఎంచుకుంటే ఇంటి దగ్గర చార్జింగ్ పాయింట్ బిగించే ఏర్పాటూ ఉంటుంది. కారును దివ్యాంగులే నడపాలన్న నియమం లేదు. చూపు లేనివారికి భార్యో భర్తో నడపవచ్చు, మూడేళ్లు దాటిన పిల్లల పేరు మీద తల్లిదండ్రులు తీసుకుని నడపవచ్చు. ఎంచుకున్న కారు భత్యానికి మించినదైతే ఆ తేడాను ముందుగా ఒకేసారి కట్టాలి, అది తిరిగి రాదు. పత్రికల్లో ఫొటోలకెక్కిన ఖరీదైన కార్లన్నీ ఇలా సొంత డబ్బు కలిపి తీసుకున్నవే. మొత్తం కార్లలో వాటి వాటా చాలా చిన్నది.

వారానికి 77 పౌండ్లకు ఇవన్నీ కలిపి ఇచ్చే కంపెనీ బ్రిటన్ బజారులో మామూలు మనిషికి దొరకదు. మోటబిలిటీ ఇవ్వగలగడానికి పెద్ద కారణం డబ్బు నడిచే దారి. భత్యం లబ్ధిదారు ఖాతాకు వెళ్లి అక్కడి నుంచి వాయిదాగా రాదు. ప్రభుత్వ శాఖ నుంచి నేరుగా లీజు కంపెనీకి చేరుతుంది. వాయిదా ఎగ్గొడతారేమోనన్న భయం దాదాపు ఉండదు కాబట్టి అప్పు ఇచ్చేవారు తక్కువ వడ్డీకే ఇస్తారు. బ్యాంకు మేనేజర్ ఎదుట కూర్చున్న ఒక దివ్యాంగుడి జీతమెంత, ఉద్యోగం నిలుస్తుందా, ఆస్తి ఉందా అన్న ప్రశ్నలు ఇక్కడ ఎవరూ అడగరు. భత్యం వస్తోందా, ఇంకో ఏడాదైనా వస్తుందా అని మాత్రమే చూస్తారు.

రెండో కారణం బేరం. బ్రిటన్‌లో రోడ్డెక్కే ప్రతి ఐదు కొత్త కార్లలో దాదాపు ఒకటి ఈ పథకానిదే. అంత పెద్ద ఎత్తున కొనే ఖాతాదారుకు ఏ కార్ల కంపెనీ అయినా ధర తగ్గిస్తుంది. దీనికి తోడు ప్రభుత్వం లీజు మీద వ్యాట్ తీసుకోదు, రోడ్డు పన్ను అడగదు. ఇన్సూరెన్స్ మీద పన్నూ 2026 జూలై దాకా లేదు. మూడో కారణం పాత కార్ల బజారు. లీజు పూర్తయ్యాక వెనక్కి వచ్చిన కార్లను డీలర్లకు అమ్మేస్తారు. మూడేళ్ల తర్వాత ఆ కారు ఎంతకు పోతుందన్న అంచనా మీదే ఈ రోజు లీజు ధర ఆధారపడుతుంది. ఈ వ్యవస్థలో అసలైన రిస్క్ అక్కడుంది. అంచనా కంటే ఎక్కువకు అమ్ముడైతే కంపెనీకి లాభాలు గుట్టలు పడతాయి. పాత ఎలక్ట్రిక్ కార్ల ధరలు పడిపోయినట్టు బజారు పడితే నష్టాలు వస్తాయి. గత పదేళ్లలో మోటబిలిటీ ఈ రెండూ చూసింది.

ఈ ఏర్పాటు ఒక్క రోజులో పుట్టలేదు, దీనికి ముందు ఒక నీలం బండి కథ ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్ ప్రభుత్వం కాళ్లు పోగొట్టుకున్న సైనికులకు, ఆ తర్వాత ఇతర దివ్యాంగులకు మూడు చక్రాల మోటారు బండ్లు ఇచ్చేది. బెర్ట్ గ్రీవ్స్ అనే ఇంజినీరు పక్షవాతంతో నడవలేని తన బంధువు డెర్రీ ప్రెస్టన్ కాబ్ కోసం ఒక బండి తయారుచేశాడు. ఆ ప్రయత్నమే ఇన్వాకార్ అనే కంపెనీ అయింది. లేత నీలం రంగు ఫైబర్‌గ్లాస్ బాడీ, ముందు ఒక చక్రం, వెనక రెండు. వేలాది మందికి బయటి ప్రపంచం చూపించిన బండి అది, ఆ మేలు తక్కువేమీ కాదు. కానీ దానికి ఒకే సీటు. పక్కన ఎవరినీ ఎక్కించుకోకూడదు. బిడ్డను బడిలో దింపాలన్నా తల్లికి కుదరదు. భార్యాభర్తలు కలిసి ఊరెళ్లాలంటే ఒకరు బస్సెక్కాల్సిందే. ఎదురుగాలికి, పక్కగాలికి బండి ఊగేది. నడిరోడ్డు మీద ఆగిపోతే, నడవలేని మనిషి లోపల ఒంటరిగా కూర్చుని ఎవరైనా వస్తారేమోనని చూడాలి. దూరం నుంచి ఆ రంగు కనబడగానే లోపల ఉన్నదెవరో దారినపోయే వారందరికీ తెలిసిపోయేది.

ఈ బండ్ల బదులు మామూలు కార్లు ఇవ్వాలని 1974లో బేరొనెస్ షార్ప్ ప్రభుత్వానికి ఇచ్చిన నివేదిక సిఫార్సు చేసింది. ఆ ఏడాదే ఆల్ఫ్ మోరిస్ దివ్యాంగుల వ్యవహారాల మంత్రి అయ్యారు. ఈ బాధ్యతతో ఏ దేశంలోనైనా నియమితుడైన తొలి మంత్రి ఆయనే. అందరికీ కార్లు కొనిపెట్టేంత డబ్బు ఖజానాలో లేదు. 1976లో మొబిలిటీ అలవెన్స్ అనే నగదు భత్యం మొదలైంది. బండి నడపలేనివారికి కూడా ఇది వచ్చేది, కాబట్టి నీలం బండి వల్ల ఏ లాభమూ లేనివారికి తొలిసారి ఏదో అందింది. కానీ వారానికి వచ్చే కొద్ది పౌండ్లతో కారు కొనలేరు. ఆ భత్యం చూసి అప్పిచ్చే బ్యాంకూ లేదు.

ఈ చిక్కు విప్పడానికి ప్రభుత్వం లాయర్ లార్డ్ గుడ్‌మన్ సాయం కోరింది. ఆయన వ్యాపారవేత్త జెఫ్రీ స్టెర్లింగ్‌ను కలుపుకుని 1977లో మోటబిలిటీని స్థాపించారు. పెద్ద బ్యాంకులను ఒప్పించి అప్పు ఏర్పాటు చేశారు. తొలి కార్లు 1978లో చేతులు మారాయి. ఇప్పుడు పథకాన్ని పర్యవేక్షించేది మోటబిలిటీ ఫౌండేషన్ అనే చారిటీ. కార్లు కొని లీజుకిచ్చేది మోటబిలిటీ ఆపరేషన్స్ అనే కంపెనీ. బార్క్లేస్, లాయిడ్స్, హెచ్‌ఎస్‌బీసీ, నాట్‌వెస్ట్ దాని వాటాదారులు. వాటాదారులైనా ఈ బ్యాంకులు డివిడెండ్ తీసుకోవు. నీలం బండ్లు మాత్రం చాలాకాలం తిరుగుతూనే ఉన్నాయి. 2003 మార్చి 31తో వాటిని రోడ్ల నుంచి పూర్తిగా తీసేశారు.

నీలం బండికీ ఈ కారుకూ తేడా నాలుగో చక్రంలో లేదు. మొదటిదాన్ని అధికారి ఎంపిక చేసి అందరికీ ఒకే నమూనాలో ఇచ్చేవాడు. రెండోదాన్ని షోరూముకు వెళ్లి ఎవరికి వారే ఎంచుకుంటారు. ఆ ఎంపికకు తగ్గ మార్పులూ చేయించుకోవచ్చు. కాళ్లు పనిచేయనివారికి స్టీరింగ్ పక్కన ఒక లివర్ బిగిస్తారు. దాన్ని లాగితే వేగం పెరుగుతుంది, ముందుకు నెడితే బ్రేకు పడుతుంది. ఒక చెయ్యి ఎప్పుడూ ఆ లివర్ మీదే ఉంటుంది కాబట్టి, రెండో చేత్తో తిప్పడానికి వీలుగా స్టీరింగ్‌కు గుండ్రటి పిడి పెడతారు. కుడికాలు లేనివారికి యాక్సిలరేటర్‌ను ఎడమవైపుకు మారుస్తారు. డిక్కీలో చిన్న క్రేన్ లాంటి పరికరం వీల్‌చైర్‌ను ఎత్తి లోపల పెడుతుంది. ఈ మార్పుల్లో చాలావాటికి అదనంగా కట్టాల్సిన పనిలేదు. లీజు ముగిశాక వాటిని తీసేసి కారును మామూలు కారులాగానే అమ్ముతారు.

ఇంత బాగా నడిచే యంత్రాంగం కూడా తప్పులు లేకుండా నడవలేదు. 2018లో రెండు పార్లమెంటరీ కమిటీలు, ఆ తర్వాత నేషనల్ ఆడిట్ ఆఫీసు ఈ కంపెనీ లెక్కలు తవ్వాయి. పాత కార్లు ఎంతకు పోతాయో తక్కువగా అంచనా వేయడం వల్ల 2008 నుంచి 100 కోట్ల పౌండ్లకు పైగా అనుకోని లాభం పోగైందని ఆడిట్ తేల్చింది. అంటే దివ్యాంగులు అన్నేళ్లూ అవసరమైన దానికంటే ఎక్కువ కట్టారు. కంపెనీ దగ్గర నిల్వలు 260 కోట్ల పౌండ్లు దాటాయి. అప్పటి సీఈఓ మైక్ బెట్స్ ఏడాదికి 17 లక్షల పౌండ్ల జీతభత్యాలు తీసుకుంటుండగా, వాటికి తోడు 22 లక్షల పౌండ్ల విలువకు చేరిన మరో బోనస్ ఉన్న సంగతీ బయటపడింది. పదవి నుంచి తప్పుకుంటానని ఆయన ప్రకటించాల్సి వచ్చింది. పోటీ లేని, వాయిదా ఎగ్గొట్టే భయం లేని వ్యాపారానికి అంత జీతాలు ఎందుకన్న ప్రశ్న పూర్తిగా న్యాయమైనది. అయితే అప్పుడు జనం ఆగ్రహం కంపెనీ పెద్దల మీద ఉంది. 2025లో అదే ఆగ్రహం కారు తీసుకున్నవారి మీదికి మళ్లింది. దివ్యాంగులు గుర్తుంచుకోవాల్సిన మార్పు ఇది.

వారి జీవితాల్లో ఇంతకంటే పెద్ద దెబ్బ 2013లో మొదలైంది. పాత డిజబిలిటీ లివింగ్ అలవెన్స్‌ను తీసేసి, పెద్దవాళ్లను ఒక్కొక్కరిగా పిప్‌కు మార్చడం ప్రారంభించారు. పాత పద్ధతిలో ఎక్కువ రేటుకు నడక కొలమానం 50 మీటర్లుగా చలామణిలో ఉండేది. కొత్త పద్ధతిలో దాన్ని 20 మీటర్లకు కుదించారు. రెండు సిటీ బస్సులను వరసగా నిలబెడితే ఉండే పొడవుకంటే 20 మీటర్లు తక్కువే. అంతకు మించి నడవగలరని అధికారి రాస్తే నడకకు పై రేటుకు కావాల్సిన 12 పాయింట్లు రావు, ఆ రేటు పోతుంది, దాంతో కారూ పోతుంది. ఆ దూరాన్ని సురక్షితంగా, మళ్లీ మళ్లీ, తగిన సమయంలో నడవగలగాలని నిబంధనల్లో ఉంది. కానీ ఒక మధ్యాహ్నం జరిగే పరీక్షలో అది తేలడం కష్టం. పొద్దున లేచాక ఒకసారి నడిచి, రోజంతా మంచం పట్టే కీళ్లవాతం రోగిని ఆ పాయింట్ల పట్టిక సరిగా పట్టుకోలేదు.

2017 నాటికి ఇలా 50 వేలకు పైగా కార్లు వెనక్కి పోయాయి. కారు పోతే ఉద్యోగానికి వెళ్లడం పోతుంది, జీతం పోతుంది. ఆ కారణంగా ప్రభుత్వం మీద పడే భారం కారు ఖర్చుకంటే ఎక్కువ కావచ్చు. ట్రిబ్యునల్‌కు వెళ్లినవారిలో సగానికి పైగా గెలిచారు. కానీ తీర్పు వచ్చేలోపే చాలామంది కారు అప్పగించాల్సి వచ్చింది. కొత్త ఏర్పాట్లు చేసుకోవడానికి మోటబిలిటీ వారిలో చాలామందికి 2 వేల పౌండ్ల దాకా సాయం చేసింది. మానవత్వమున్న పనే, కానీ అది కారుకు బదులు కాదు. భత్యమే వాయిదా కావడం వల్ల బ్యాంకు ధైర్యంగా అప్పిచ్చింది. అదే కారణంగా భత్యం ఆగిన రోజు కారు కూడా ఆగిపోయింది. ఈ పథకం బలమూ, బలహీనతా ఒక్కచోటే ఉన్నాయి.

2026 జూలై నుంచి వచ్చే మార్పులను కూడా ఈ కోణంలో చూడాలి. భత్యానికి మించి కట్టే ముందస్తు మొత్తం మీద 20 శాతం వ్యాట్ పడుతుంది. లీజులో ఉండే ఇన్సూరెన్స్ మీద 12 శాతం పన్ను పడుతుంది. వీల్‌చైర్‌తో ఎక్కే వాహనాలకు మినహాయింపు కొనసాగుతుంది. ఖరీదైన కారు కోసం సొంత డబ్బు కలిపినవారే ఎక్కువ కడతారని వినడానికి బాగుంటుంది. కానీ ముందస్తు మొత్తం కట్టేవారంతా షోకుకోసం కట్టడం లేదు. వీల్‌చైర్, ఆక్సిజన్ సిలిండర్, ఇద్దరు పిల్లలు పట్టాలంటే పెద్ద డిక్కీ కావాలి. వెన్ను వంగనివారికి ఎత్తైన సీటు కావాలి. అలాంటి కారుకు అదనంగా కట్టక తప్పదు. లగ్జరీ బ్రాండ్లను ఆపడంలో తప్పు పట్టాల్సింది పెద్దగా లేదు. అవసరం కొద్దీ పెద్ద కారు తీసుకునే కుటుంబం మీద కూడా అదే పన్ను వేయడం మాత్రం సరైనది కాదు.

బ్రిటన్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఇక్కడొక ముఖ్యమైన సంగతి. స్కిల్డ్ వర్కర్, స్టూడెంట్ వంటి వీసాల మీద ఉన్నవారికి సాధారణంగా ప్రభుత్వ నిధుల నుంచి సాయం తీసుకోరాదన్న షరతు ఉంటుంది. పిప్, పిల్లల డిజబిలిటీ అలవెన్స్ రెండూ ఆ నిధుల కిందికే వస్తాయి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డతో వెళ్లిన కుటుంబం అక్కడ ఏళ్ల తరబడి పన్నులు కట్టినా, శాశ్వత నివాస హక్కు వచ్చేదాకా మామూలుగా ఈ భత్యం అడగలేదు. భత్యం లేకపోతే మోటబిలిటీ గడప తొక్కే వీలే లేదు. తెలిసో తెలియకో దరఖాస్తు పెడితే వీసాకే ఎసరు రావచ్చు. కాబట్టి స్నేహితులు చెప్పారని ముందుకు పోకుండా, వీసా షరతులు చూసుకుని ఇమ్మిగ్రేషన్ సలహాదారును అడగడం మంచిది.

మన దగ్గర ప్రభుత్వ సాయం వేరే దారిలో నడిచింది. ఆర్థోపెడిక్ వైకల్యం 40 శాతం, అంతకు మించి ఉన్నవారు నాలుగు మీటర్ల లోపు చిన్న కారు కొంటే, కేంద్ర భారీ పరిశ్రమల శాఖ సర్టిఫికెట్‌తో జీఎస్టీ 28 శాతానికి బదులు 18 శాతమే పడేది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లన్నిటికీ జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. అందరికీ మేలే, కానీ దివ్యాంగులకు ప్రత్యేకంగా దక్కిన ఆ తేడా అక్కడితో చెరిగిపోయింది. అది ఉన్న రోజుల్లో కూడా కారు కొనే స్తోమత ముందే ఉన్నవారికే పనికొచ్చింది. మిగిలిన ధరకు అప్పిచ్చేవారు లేనప్పుడు పన్ను తగ్గింపు కాగితం మీదే ఉండిపోతుంది. చూపు లేనివారికి, ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఆ తగ్గింపు అసలు వర్తించనే లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయలు. తెలంగాణలో ఆసరా పింఛను 2023 నుంచి 4,016 రూపాయలు. ఈ డబ్బు బియ్యానికి, మందులకు, కరెంటు బిల్లుకు సరిపోతే గొప్ప. అందులోంచి వాహనం వాయిదా కట్టమనడం అన్యాయం. బ్రిటన్‌లో జీవన ఖర్చుల భాగం వేరు, ప్రయాణ భాగం వేరు. కారుకు మళ్లించేది రెండోదాన్నే. మోటబిలిటీ నుంచి ఇక్కడికి ఏదైనా తేవాలంటే ముందు తేవాల్సింది కారు కాదు, ప్రయాణం కోసం విడిగా, క్రమం తప్పకుండా వచ్చే భత్యం. దాని తర్వాతే బ్యాంకులతో, ఇన్సూరెన్స్ కంపెనీలతో మాట్లాడే వీలు కలుగుతుంది.

కారు దాకా పోకుండా ఇప్పుడున్న వాహనాలతోనే మొదలుపెట్టవచ్చు. రెండు రాష్ట్రాల్లోనూ అర్హులైన కొందరికి సైడ్ వీల్స్ బిగించిన స్కూటర్లు ఉచితంగా ఇస్తున్నారు. పంపిణీ రోజు మంత్రి వస్తారు, ఫొటోలు దిగుతారు. ఏడాది తిరిగాక సైడ్ వీల్ ఇరుసు వంగితే బాగుచేయగల మెకానిక్ మండల కేంద్రంలో ఉండడు. సొంత డబ్బుతో సైడ్ వీల్స్ పెట్టించుకున్నవారికి మరో తలనొప్పి ఉంది. ఆ మార్పును ఆర్‌సీలో ఎక్కించుకోకపోతే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర చిక్కులు వస్తాయి. బండి కొనే టెండర్లోనే ఐదేళ్ల మరమ్మతులు, టైర్లు, ఇన్సూరెన్స్, ఆర్‌సీలో మార్పు నమోదు చేర్చవచ్చు. సర్వీసు ఏ ఊళ్లో ఎన్ని రోజుల్లో ఇవ్వాలో రాసి, ఇవ్వకపోతే జరిమానా పెట్టవచ్చు. ఇందుకు కొత్త చట్టమేదీ అక్కర్లేదు. ఒక్కో బండి మీద ఖర్చు పెరుగుతుంది, అదే బడ్జెట్‌కు పంచే బండ్ల సంఖ్య తగ్గుతుంది. అయినా మూలన పడే వెయ్యి బండ్లకంటే ఐదేళ్లు తిరిగే ఏడు వందల బండ్లు ఎక్కువ మందిని పనికి, బడికి, ఆస్పత్రికి చేరుస్తాయి.